స్వప్న రాయని రివ్యూ

ఎమ్మిగనూరు బస్టాండు ఎదుట సుంకప్ప ఇంటర్నెట్ సెంటరులో స్వప్న పనిచేస్తుంది. పొద్దున ఎనిమిదింటికి షట్టరు తీస్తుంది. అప్లికేషన్లు నింపించుకోవడానికి పల్లెల జనం వచ్చేది పదింటి తర్వాతే. ఆ రెండు గంటలూ ఆమె వీడియో గేములు ఆడుతుంది. ఆడుతూ నోటుబుక్కులో రాసుకుంటుంది, తర్వాత వాటి మీద తెలుగులో రివ్యూలు రాస్తుంది. సెంటరు పని చెడనంతవరకు సుంకప్పకు అభ్యంతరం లేదు. ఏం రాస్తోందని మాత్రం ఆయన ఎన్నడూ అడగలేదు.

హైదరాబాదులో తరుణ్ అనే అతను నడిపే వెబ్‌సైటుకు ఆమె అయిదేళ్లు రాసింది. అతన్ని ఒక్కసారి కూడా చూడలేదు. సీనియర్ రైటర్ అని హోదా ఇచ్చాడు గానీ జీతం ఇవ్వలేదు. మొదట్లో పేరొస్తుంది కదా అన్నాడు. తర్వాత సైటు నిలదొక్కుకున్నాక చూద్దామన్నాడు. ఆ తర్వాత ఆమే అడగడం మానేసింది. తను రాసిన దాని కింద "స్వప్న, ఎమ్మిగనూరు" అని కనిపిస్తే ఆ పూటకు అది చాలనిపించేది. నందవరంలో కూలికి పోయే తల్లి దానమ్మ, కూతురు కంప్యూటరు పని చేస్తుందని చర్చిలో చెప్పుకునేది. గేముల గురించి రెండు మాటలు మాట్లాడదామంటే స్వప్నకు ఊళ్లో ఒక్క మనిషీ లేడు.

రాయడం మొదలుపెట్టిన ఏడాదే ఒక తప్పు చేసింది. ఒక పజిల్ గేము సగం వరకే ఆడి, చాలా బాగుందని రాసేసింది. వారానికి ఆదోని నుంచి మెయిల్ వచ్చింది. రాసినావిడ అమృతవల్లి, పత్తి వ్యాపారుల ఇంటి పెద్దావిడ. మోకాళ్ల నొప్పులతో మేడ దిగడం తగ్గిపోయాక ట్యాబులో గేములు ఆడటం అలవాటైందట. నలభయ్యో లెవెల్ దాటితే ఆట నిలిచిపోతోంది, మీరు అంతవరకు ఆడారా అని అడిగింది. ఆడలేదని స్వప్న ఒప్పుకుంది. రివ్యూ కింద తప్పు దిద్ది, క్షమించమని రాసింది. ఆనాటి నుంచి చివరిదాకా ఆడని గేము గురించి రాయలేదు. కంపెనీవాళ్లు ఊరికే ఇచ్చిన గేమైతే ఆ సంగతి మొదటి వాక్యంలోనే చెప్పేది. ఇలా చేయాలని ఆమెకు ఎవరూ నేర్పలేదు.

పోయిన జూలైలో తరుణ్ ఒక కొత్త వ్యవసాయం గేము పంపి, రెండు రోజుల్లో రివ్యూ కావాలన్నాడు. పది రోజులైనా పడుతుందని స్వప్న చెప్పింది. ఆరో రోజు నందవరం నుంచి బస్సులో వస్తూ ఫోను తీసి చూస్తే రివ్యూ అప్పటికే వచ్చేసి ఉంది. పదికి తొమ్మిది మార్కులు. అన్నీ కంపెనీ ప్రకటనలో ఉన్న వాక్యాలే. కింద ఆమె పేరు. దాని కింద ఒక పాఠకురాలి మాట: "స్వప్న బాగుందంటే బాగున్నట్టే. కొంటున్నాను. అమృతవల్లి, ఆదోని."

బస్సు దిగి, సెంటరు పక్క సందులో నిలబడి తరుణ్‌కు ఫోన్ చేసింది. ఆటలో పొలం కాస్త పెరిగాక ప్రతి విత్తనమూ నిజం డబ్బు పెట్టి కొనాల్సిందేననీ, కొనకపోతే ముందుకు పోదనీ చెప్పింది. తరుణ్ విసుక్కోలేదు. వాళ్లు మనకు ప్రకటనలిస్తున్నారు, అందరూ చేసేదే ఇది అని నెమ్మదిగా నచ్చజెప్పబోయాడు.

"నువ్వు ఊరికే రాస్తున్నావు స్వప్నా. ఇందులో నీకు పోయేదేముంది?" అన్నాడు.

"దుడ్డు తీసుకోకున్నా పేరు నాదే కదన్నా. నేను ఇంకా ఆడతానే ఉండాను. నా పేరు తీసేయండి."

"తీసేస్తాలే," అని ఫోను పెట్టేశాడు.

మర్నాడు చూస్తే పేరు తీసేసి ఉంది. ఆ ఒక్కదానికే కాదు, అయిదేళ్లలో ఆమె రాసిన నూటనలభై రివ్యూల కిందా పేరు పోయి "మా టీమ్" అని వచ్చింది. పాస్‌వర్డ్ పనిచేయలేదు. సైటు రైటర్ల వాట్సాప్ గ్రూపులోంచీ తీసేశారు. అందులోని రైటర్లలో ఒక్కరూ ఏమైందని అడగలేదు. ఆమె ఒక్కో పేజీ తెరిచి చూసుకుంటూ కూర్చుంది. ఒక రైతు పాసుపుస్తకం పట్టుకుని వస్తే లేచి అతని పని చేసిపెట్టింది.

ఆదివారం ఆదోని బస్సెక్కింది. అమృతవల్లి పాత మెయిల్లో ఉన్న నంబరుకు ఫోన్ చేసి, ఇల్లు కనుక్కుని, మేడ మెట్లెక్కింది. అమృతవల్లి కిటికీ పక్కన కుర్చీలో ఉంది.

"ఆ రివ్యూ నేను రాసింది కాదమ్మా. అది సెప్పి పోదామని వచ్చినాను," అంది స్వప్న నిలబడే.

పెద్దావిడ ఆమె ముఖం చూసింది. "కొన్న మూడో దినానికే తెలిసింది నాకు. నువ్వూ అందరి మాదిరే అయిపోయినావు, ఇంక నువ్వు రాసేది సదవకూడదు అనుకున్యా."

రివ్యూల కింద పేరు పోవడం కన్నా ఆ మాటే స్వప్నకు ఎక్కువ బాధనిపించింది. అమృతవల్లి కుర్చీ చూపించింది, కాఫీ తెప్పించింది. జరిగిందంతా విన్నాక ట్యాబు తెరిచి, తను ఆగిపోయిన చోటు చూపించింది. గంటసేపు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఆడారు. తన పక్కన ఒక మనిషి కూర్చుని ఆట చూడటం స్వప్నకు అదే మొదటిసారి. భోజనానికి రమ్మని కోడలు నవ్యశ్రీ పిలిచాక, ఉండమన్నా ఉండకుండా వచ్చేసింది.

తర్వాత సొంతంగా ఒక ఉచిత పేజీ తెరిచింది. వ్యవసాయం గేము పూర్తిగా ఆడాకే రివ్యూ పెట్టింది. తన పేరుతో ముందు వచ్చినది తనది కాదని పైన రాసింది. ఆటలో వాన పడటం చాలా బాగా చూపించారని కూడా రాసింది, అది నిజమే గనక. ముప్ఫై మంది చదివారు. తరుణ్ సైటులో తొమ్మిది మార్కులు అలాగే ఉన్నాయి.

నవంబరులో అమృతవల్లికి కంటి ఆపరేషన్ అయింది. రెండు నెలలు తెర చూడొద్దన్నారు. ఆ రెండు నెలల్లో స్వప్న మూడు రివ్యూలు పెట్టింది. ఎవరి దగ్గర నుంచీ ఒక్క మాటా రాలేదు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక దానమ్మ అడిగింది: "ఎవురూ సదవకపోతే ఎందుకు రాస్తాండావ్ మేయ్?"

స్వప్న రాస్తున్న నోటుబుక్కు మూయకుండానే పక్కన పెట్టింది. తల్లి ముందున్న చేటలోంచి గుప్పెడు శనక్కాయలు తీసుకుని వలవడం మొదలుపెట్టింది.