చెడ్డ కబురు తనే మోసుకొచ్చే సారు

మా డైరెక్టర్ సారు పోయిన్రు. పోయిన నెల, ఒక శుక్రవారం పొద్దుగాల. నేను దుకాణం షట్టర్ ఎత్తుతుండంగ ఫోన్ మోగింది. సారు వాళ్ల మేడం. "అన్నా, సారు వెళ్లిపోయిన్రు. నిద్రలనే," అన్నది. షట్టర్ సగం దాకనే లేచింది. నేను దాని కిందనే మెట్టు మీద కూలబడ్డ. పక్కన మిర్చి బజ్జీల ఆయన పరుగెత్తుకొచ్చి "ఏమైంది మాస్టర్, బీపీనా?" అని నీళ్లు తెచ్చిండు.

మీలో చానమందికి సారు ఎవరో తెల్వదు. ఆయన సినిమాల మనిషి కాదు, లీడర్ కాదు. యూనివర్సిటీల ఆటల డైరెక్టర్. పరుగులు, దూకుడ్లు, గుండు విసురుడు, అన్నీ ఆయన చేతి కింద నడిచేవి. నేనేమో అమీర్‌పేటల టైలర్ను. సిరిసిల్లల మగ్గం ఇడిచిపెట్టి ఇక్కడ కుట్టుమిషన్ పట్టిన. ఏడో తరగతి దాకనే చదువు. తప్పులుంటే సర్దుకోండ్రి. సారు గురించి నాలుగు మాటలు రాయకపోతే నాకు అన్నం దిగేటట్టు లేదు.

ఒక మాట ముందే చెప్తున్న. ఇది ఉత్త ఏడుపు రాత కాదు. సారు పోయే ముందటి సాయంత్రమే నా బిడ్డకు సారు కుర్చీ వచ్చింది. అదే యూనివర్సిటీ, అదే గ్రౌండ్, అదే డైరెక్టర్ పోస్ట్! దర్జీ బిడ్డ! సారు పంజగుట్ట దవఖానల పండుకొని ఆ ఒక్క కబురు కోసమే ఎదురుచూసిన్రు. అది ఆయన చెవిన పడ్డదా లేదా అన్నదే నేను చెప్పబోయేది. మొదటి నుంచి చెప్తేనే తెలుస్తది.

సారును నేను మొదలు చూసింది నా దుకాణంలనే. నా బిడ్డ అప్పుడు డిగ్రీ మొదటి సంవత్సరం. చిన్నప్పటి నుంచి ఉరుకుతనే ఉండేది. పాల ప్యాకెట్‌కు పంపినా ఉరికే పోయేది, ఉరికే వచ్చేది. యూనివర్సిటీ టీమ్ కోసం పోటీ పెడితే పోయి నాలుగు వందల మీటర్లు ఉరికొచ్చింది. ఎంపికైతదని మేం అప్పటికే గల్లీ అంతా చెప్పుకున్నం. మా ఇంటామె అయితే లడ్డూలకు శనగపిండి సుత తెప్పించింది.

రెండు దినాల తర్వాత ఒక పొడుగాటి మనిషి దుకాణం మెట్లెక్కిండు. తెల్ల అంగి, బూట్లకు సున్నం. నేను గిరాకీ అనుకున్న. గిరాకీ మాట్లాడేలోపల కొలత తీసుడు నాకు అలవాటు. "రండి సార్, రండి. ప్యాంటా, సఫారీనా? చేతులు చాపండి," అన్న. ఆ మనిషి ఏమనుకున్నరో ఏమో, చేతులు చాపి నిలబడ్డరు. నేను భుజం కొలిచిన, ఛాతీ కొలిచిన. నడుము దగ్గరికి వచ్చినంక పైనుంచి మెల్లగ అన్నరు.

"భాయ్, నేను యూనివర్సిటీ డైరెక్టర్‌ను. మీ అమ్మాయిని ఈసారి తీసుకోలేదు. చెప్పిపోదామని వచ్చిన."

నా చేతుల టేపు అట్లనే ఉన్నది. ఆయన చేతులు సుత అట్లనే చాపి ఉన్నయ్. మా ఇద్దరిని చూసి లోపల కాజాలు కుట్టే ముసలాయన దగ్గు రాకున్నా దగ్గిండు.

"గింత దూరం వచ్చి చెప్పుడేంది సార్? బోర్డు మీద పెడితే చూసుకునేటోళ్లం గదా," అన్న నేను. నాకు కొంచెం కోపం సుత వచ్చింది, దాచుడెందుకు.

సారు చేతులు దించిన్రు. "గెలిచిన కబురు ఎవరైనా చెప్తరు భాయ్. అది దానంతట అదే ఇల్లు చేరుతది. లేదన్న కబురు మాత్రం నేనే తేవాలె. కాదన్నది నేను గద," అన్నరు. తర్వాత స్టూల్ మీద కూర్చొని చాయ్ తాగిన్రు. నా బిడ్డ స్కూటీ దిగి సారును చూడంగనే ముఖం తెల్లవడ్డది. యూనివర్సిటీల పిల్లలందరికీ తెలుసంట, సారు ఇంటికి వచ్చిన్రంటే పేరు లేనట్టే. సారు దాని ముందల కూర్చొని, చివరి మలుపుల భుజాలు ఎట్ల బిగుసుకున్నయో, శ్వాస ఏడ తప్పిందో, అన్నీ చెప్పిన్రు. "ఈసారి కాకపోతే వచ్చేసారి. గ్రౌండ్ ఏడికీ పోదు. పొద్దుగాల రా," అన్నరు. పోయేటప్పుడు నా దిక్కు తిరిగి, "కొలతలు ఎట్లాగూ తీసినవ్, ఒక ప్యాంటు కుట్టు," అన్నరు. ఆ ప్యాంటు ఆయన రిటైరయ్యేదాక తొడిగిన్రు. మోకాలి కాడ చిరిగితే రెండుసార్లు రఫూ నేనే చేసిన.

మరుసటి ఏడు నా బిడ్డ ఎంపికైంది. ఆ కబురు సారు చెప్పలేదు. తోటి పిల్ల ఎవరో ఫోన్‌ల అరిస్తే మాకు తెలిసింది. లడ్డూలు అప్పుడు చేసినం.

టీమ్ బట్టలు నేను కుడ్తనని ఎగబడిపోయిన. నా పనితనమంతా చూపిచ్చిన: మంచి బట్ట, లోపల లైనింగ్, పట్టీలు. సారు వాటిని చేతిల పట్టుకొని నవ్విన్రు. "భాయ్, పెండ్లికి పోతున్నమా? నువ్వు నిలబడ్డ మనిషికి కుడుతున్నవ్. వీళ్లు నిలబడరు." అని నన్ను గ్రౌండ్‌కు పట్టుకపోయిన్రు. పిల్లలను పరుగు మొదలయ్యే తీరున వంచి, చేతులు నేలకు ఆనిచ్చి, "ఇప్పుడు కొలువు," అన్నరు. వంగిన వీపు నిలబడ్డ వీపు కన్న ఎంత పొడుగుంటదో నాకు ఆ పొద్దు తెలిసింది. అప్పటి నుంచి ఆటల బట్టలు నేను వంచే కొలుస్త. కోచింగ్ సెంటర్ల పోరగాండ్లు దుకాణం ముందల నుంచి పోతూ చూసి నవ్వుతరు. నవ్వనీ.

సారు పనితీరంతా గట్లనే ఉండేది. పెద్ద పోస్టుకు వచ్చినా పొద్దుగాల సున్నం డబ్బా పట్టుకొని ట్రాక్ గీతలు తనే గీసేటోళ్లు. అందుకే ఎప్పుడు చూసినా బూట్లకు సున్నమే. పెద్ద సారులతోని మీటింగుల సుత ఆ బూట్లతోనే కూర్చునేటోళ్లంట. ఒకసారి గ్రౌండ్‌ను ఎగ్జిబిషన్ కోసం కిరాయికి ఇస్తమని పైనుంచి మాట వచ్చింది. సారు లొల్లి పెట్టుకోలేదు. జాగ చూసెటందుకు వచ్చిన పెద్దమనిషిని ట్రాక్ మీద చెప్పులు ఇడిపిచ్చి ఒక చుట్టు నడిపిచ్చిన్రు. మధ్యల ఉరికే పిల్లలు "జరగండి అంకుల్, జరగండి!" అని అరుస్తుంటే ఆయన పక్కకు పక్కకు జరిగి, చివరికి "వద్దులెండి, వేరే జాగ చూస్తం," అన్నడంట. ఈ ముచ్చట సారు నా దుకాణంల ఎన్నిసార్లు చెప్పినా ఆ "జరగండి అంకుల్" కాడ ఆయనకే నవ్వు ఆగేది కాదు.

ఆదివారం చర్చి అయినంక కోటు మీదనే దుకాణానికి వచ్చేటోళ్లు. మా ఇంటామె తలకాయ కూర వండితే గిన్నెల పెట్టి మేడంకు సుత పంపేది. ప్రాక్టీస్ అయ్యేసరికి పొద్దువోతే ఆడపిల్లలను అమీర్‌పేటల షేర్ ఆటో ఎక్కిచ్చి, అది మలుపు తిరిగేదాక అక్కడనే నిలబడేటోళ్లు. ఆటోవాళ్లందరూ ఆయనకు సలాం కొట్టేది.

తర్వాత నా బిడ్డ మోకాలు పోయింది. ఉరుకుతుండంగనే పట్టు తప్పింది. డాక్టర్ ఇగ పోటీలు వద్దన్నడు. అది గోడ దిక్కు తిరిగి పండుకున్నది. అన్నం తినదు, మాట్లాడదు. నాకైతే ఇంట్ల ఎవరో పోయినట్టే ఉండె. సారు వచ్చిన్రు. ఆ చెడ్డ కబురు సుత ఆయనే చెప్తరేమో అనుకున్న. ఆయన మంచం పక్కన కూర్చొని తన స్టాప్‌వాచ్ దాని చేతిల పెట్టిన్రు.

"నేను ముసలోన్ని అయితున్న బిడ్డా. నా కండ్లకు చివరి మలుపు సరిగ్గ కనబడ్తలేదు. రేపటి సంది నువ్వు చూసి చెప్పు," అన్నరు.

"నన్ను ఓదార్చుతున్నరా సార్?" అన్నది ఇది, ముఖం తిప్పకుంటనే.

"ఓదార్చెటందుకు మీ అమ్మ ఉన్నది. నాకు మనిషి కావాలె," అన్నరు.

గట్ల పోయింది గ్రౌండ్‌కు మళ్ల. ఆటల చదువే చదివింది, ఎంపీఎడ్ చేసింది, డాక్టరేట్ తెచ్చుకున్నది. సారు దగ్గరనే అసిస్టెంట్ అయింది. సారు రిటైరయినంక వేరే ఆయన వచ్చిండు, మంచాయనే, కానీ ఎంపిక కాని పిల్లల ఇండ్లకు పోయే రివాజు ఆగిపోయింది. పేర్లు బోర్డు మీదికి వచ్చినయ్. నా బిడ్డకు అది ముల్లు లెక్క గుచ్చుకునేది.

ఈ ఏడు ఆ పోస్ట్ ఖాళీ అయింది. నా బిడ్డ ఇంటర్వ్యూకు పోయింది. వేరే ఊర్ల నుంచి సుత పెద్దపెద్దోళ్లు వచ్చిన్రు. "ఆడమనిషికి గ్రౌండ్ అప్పజెప్తరా?" అని కొందరు నా ముందలనే అన్నరు. అదే టైమ్‌ల సారుకు కిడ్నీలు మొరాయించినయ్. శ్రీనగర్ కాలనీ ఇంటి నుంచి పంజగుట్ట దవఖానకు తెచ్చిన్రు. డాక్టర్లు మేడంతోని ఎక్కువ ఆశ పెట్టుకోవద్దన్నరు. నేను రోజూ దుకాణం మధ్యల పోయి చూసొచ్చేది. పోంగనే ఒకటే మాట. "ఏమన్న తెలిసిందా?"

"ఇంకా లేదు సార్."

"నాకు ఫికర్ లేదు భాయ్. కానీ జర తొందరగ చెప్పమను," అని నవ్వేటోళ్లు. నవ్వు సన్నగయింది, మనిషి అంతకన్న సన్నగయిండు. నేను ఇంటికొచ్చి దేవుని ముందల ఒకటే మొక్కేది. ఇస్తే ఇయ్యి, లేకుంటే లేదు. ఏదైనా సారు ఉండంగనే తెల్వనీ.

ఆ గురువారం సాయంత్రం బిడ్డ ఫోన్ చేసింది. "బాపూ! వచ్చింది బాపూ! నాకే వచ్చింది! నేను ఇక్కడ సంతకాలు పెట్టాలె, ఇప్పుడే రాలేను. సారుకు ఫోన్ చెయ్యి, మేడం నంబర్‌కు ఫోన్ చెయ్యి," అన్నది. నాకు "వచ్చింది" దాకనే వినబడ్డది. ఫోన్ బల్ల మీదనే పెట్టేసి మెడల టేపు మెడలనే ఉండంగ రోడ్డు మీద పడ్డ.

అమీర్‌పేట నుంచి పంజగుట్ట ఎంత? మెట్రో ఎక్కితే సీటు దొరికేలోపల దిగుడే. నాకు మెట్రో యాదికే రాలేదు. షేర్ ఆటో ఎక్కిన. అది సిగ్నల్ కాడ ఇరుక్కున్నది. ముందల బస్సు, పక్కల బస్సు. దిగిన. నడిచిన. నడక చాలలేదు, ఉరికిన! ఈ వయసుల, ఈ మోకాళ్లతోని, మెట్రో పిల్లర్ల కింద ఉరికిన! బ్యాగులు తగిలిచ్చుకున్న పోరగాండ్లు తప్పుకుంటున్నరు. ఒకడు "చాచా, ఎవరు తరుముతున్నరు?" అన్నడు. ఇంకొకడు "దమ్మున్నది చాచాకు!" అని చప్పట్లు కొట్టిండు. నాకు నవ్వొస్తున్నది, ఏడుపొస్తున్నది, ఊపిరి మాత్రం వస్తలేదు.

దవఖాన గది తలుపు తోసిన. మేడం మంచం పక్కన కూర్చున్నది. సారు కండ్లు తెరిచి నన్ను చూసిన్రు. చెమట, రొప్పు, మెడల టేపు. నేను నోరు తెరుస్తున్న, మాట రాదు. గోడ పట్టుకొని నిలబడ్డ.

సారు ముఖం మెల్లగ దిగిపోయింది. నాకు అప్పుడు సమజైంది. తన రివాజు తనకు యాదికొచ్చింది. మంచి కబురైతే ఫోన్ల వస్తది. మనిషే నడిచి వచ్చిండంటే లేదన్నట్టే.

"కూర్చో భాయ్," అన్నరు. గొంతు ఉన్నదా లేదా అన్నట్టున్నది. "ఏమోయ్, భాయ్‌కి చాయ్ చెప్పు. ఏం కాదు. ఈసారి కాకపోతే వచ్చేసారి. గ్రౌండ్ ఏడికీ పోదు..."

పోతున్న ప్రాణంతోని సుత నన్ను ఓదారుస్తున్నరు! నేను రెండు చేతులు ఊపిన, కాదు కాదని తల ఊపిన. మేడం భయపడి లేచి నిలబడ్డది. చివరికి ఎట్లనో ఊపిరి అందింది.

"వచ్చింది సార్! బిడ్డకు వచ్చింది! మీ కుర్చీ మన బిడ్డకే వచ్చింది!"

సారు కండ్ల నుంచి నీళ్లు చెవుల దిక్కు జారినయ్. తుడుచుకునే బలం లేదు. మేడం కొంగుతోని తుడిచింది.

"మరి గింత దూరం నువ్వెందుకు వచ్చినవ్ పిచ్చోడా?" అన్నరు. "ఫోన్ చెయ్యొచ్చు గద. పానం తీసినవ్."

"ఫోన్ దుకాణంలనే మర్చిపోయిన సార్."

"ఉరికొచ్చినవా?"

"ఉరికే వచ్చిన."

"మోచేతులు బయటికి పోయి ఉంటయ్," అన్నరు. ముగ్గురం నవ్వినం. నర్సమ్మ తలుపుల నుంచి తొంగిచూసి పోయింది. నవ్వినంక సారుకు ఆయాసం వచ్చింది, జర సేపు కండ్లు మూసుకున్నరు. మళ్ల తెరిచి నా మెడల టేపు దిక్కు చూసిన్రు. "ఈసారి నేను నిలబడలేను భాయ్. బిడ్డకు కోటు కుట్టు. కుర్చీల కూర్చున్న కొలత తీసుకోకు. చెయ్యి లేపి విజిల్ ఊదే తీరున నిలబెట్టి కొలువు."

రాత్రి కాకముందే నా బిడ్డ సుత వచ్చింది. దాని చెయ్యి పట్టుకొని సారు ఏం చెప్పిన్రో నాకు తెల్వదు. నేను బయట ఉన్న. తెల్లారి ఆయన లేరు.

చర్చిల పాటలు పాడిన్రు. గ్రౌండ్‌ల ఉరికిన పిల్లలు, ఇప్పుడు తలలు నెరిసినోళ్లు, మస్తుమంది వచ్చిన్రు. అండ్ల సగం మందిని సారు ఒకప్పుడు వాళ్ల ఇంటికే పోయి కాదన్నరంట.

కోటు కుట్టిన. నీలం రంగుది, చెయ్యి లేపితే ఎక్కడా గుంజదు. పోయిన వారం నా బిడ్డ డైరెక్టర్‌గ మొదటిసారి టీమ్‌ను ఎంపిక చేసింది. ఆ సాయంత్రం కోటు తీసి మడిచి, స్కూటీ తాళం పట్టుకున్నది. "బాపూ, బోరబండ గల్లీలు నాకు సరిగ్గ తెల్వయ్. ఎన్క కూర్చో," అన్నది. నేను అడగలేదు ఏడికని.

రేకుల ఇల్లు. ముందల ఇటుకల కుప్ప. తలుపు తీసిన పిల్ల నా బిడ్డను చూసి అట్లనే నిలబడిపోయింది. పిల్ల తండ్రి మాత్రం, అప్పుడే పని నుంచి వచ్చినట్టున్నడు, సంబురంగ ఎదురొచ్చిండు. "రండి మేడం, రండి! మా బిడ్డ ఎంపికైందా?" అని కుర్చీ తుడిచిండు.

నేను గడప బయట స్కూటీ కాడనే ఉన్న. లోపల ఏం మాట్లాడుకున్నరో వినలేదు. కాసేపటికి తలుపు సందుల నుంచి చూస్తే, పిల్ల తల్లి చాయ్ గ్లాసు అందిస్తున్నది. నా బిడ్డ దాన్ని రెండు చేతులతోని పట్టుకొని, ఆ పిల్ల ముందల కింద కూర్చొని, భుజాలు దించి చూపిస్తున్నది. చివరి మలుపుల ఎట్ల ఉంచాల్నో. పిల్ల ముక్కు తుడుచుకుంట, తన భుజాలు సుత మెల్లగ దించింది. గుమ్మం కాడ ఇడిచిన నా బిడ్డ బూట్లకు సున్నం ఉన్నది.