పెంచిన చేతులకు హక్కు లేని చోట

ప్రతి మార్చిలోనూ ఐరిష్ వాళ్ళ పండక్కి మా కాలేజీలో ఆకుపచ్చ టీషర్టులు వెలుస్తాయి. తాతముత్తాతలది ఐర్లండ్ అని గొప్పగా చెప్పుకునే పిల్లలు నా చరిత్ర క్లాసులో కూర్చుంటారు. "నార్స్ వాళ్ళు, అదే వైకింగులు, పడవల్లో వచ్చి మీ మఠాలు దోచుకున్నారు, నిజమే. తర్వాత అక్కడే స్థిరపడి మీ ఆడపిల్లల్నే పెళ్ళాడారు. డబ్లిన్ కూడా ఆ నార్స్ వాళ్ళు కట్టిన ఊరే" అంటే ముఖాలు మాడ్చుకుంటారు. దొంగ చుట్టమయ్యాడంటే ఎవరికి నచ్చుతుంది?

ఆ పాఠంలో నాకు ప్రాణమైన ముక్క ఒకటుంది. ఐరిష్ వాళ్ళు పిల్లల్ని చిన్నతనంలోనే వేరే ఇంటికి పెంపకానికి పంపేవాళ్ళు. నార్స్ వాళ్ళకూ ఆ అలవాటుంది. కలిసి బతకడం మొదలయ్యాక ఒకరి బిడ్డలు మరొకరి ఇళ్ళలో పెరిగారు. నార్స్ ఇళ్ళలో పెరిగిన ఐరిష్ వాళ్ళను మఠాల్లో చరిత్ర రాసినవాళ్ళు తిట్టిపోశారు. అయినా ఐరిష్ ధర్మశాస్త్రం ఒక మాట గట్టిగా చెప్పింది: పెంచినవాళ్ళు ముసలివాళ్ళయితే పెరిగిన బిడ్డ చూసుకోవాలి. అది దయ కాదు, బాధ్యత.

నేను పుట్టింది ఇక్కడే, అమెరికాలోని హెర్న్‌డన్‌లో, పెరిగింది గుంటూరులో పెద్దమ్మ దగ్గర. మమ్మీ, డాడీ ఉద్యోగాల్లో తలమునకలుగా ఉన్నారు, పెద్దమ్మకు పిల్లల్లేరు. నెలల పిల్లగా వెళ్ళినదాన్ని, నాలుగో క్లాసు అయ్యాక తిరిగొచ్చాను. పెద్దమ్మను ఇప్పటికీ అమ్మా అనే పిలుస్తాను. ఈ తెలుగు అక్షరాలు కూడా ఆవిడ పలక మీద దిద్దించినవే.

పెదనాన్న పోయాక పెద్దమ్మను విజిటర్ వీసా మీద తెచ్చుకున్నాను. ఇక నా దగ్గరే ఉంచేసుకోవాలని ఆశ. ఇద్దరం లాయర్‌ని కలిశాం, తెలుగాయనే.

"మదర్ అయితే గ్రీన్ కార్డ్‌కి ఫైల్ చేయొచ్చండీ. ఆంట్‌కి కేటగిరీయే లేదు. మీ మమ్మీ ఈవిడకి సిస్టర్‌గా ఫైల్ చేయొచ్చు గానీ, ఇండియా క్యూ ఏళ్ళ తరబడి కదా, ఈవిడ ఏజ్‌కి..." అని ఆగాడు. "చిన్నప్పుడు మిమ్మల్ని లీగల్‌గా అడాప్ట్ చేసుకున్నారా?"

పెద్దమ్మ నవ్వింది. "మా చెల్లెలి బిడ్డేగా అయ్యా! ఇంట్లో పిల్లకి దత్తత ఏంది, నలుగురూ నవ్వరూ?"

మన ఇళ్ళలో అంతే. అక్క బిడ్డ, చెల్లెలి బిడ్డ అని తేడా ఏముందంటాం. ఆ తేడా చూపించని మంచితనమే మా కొంప ముంచింది. పశువుల కోసం తలలు నరుక్కున్న ఆ ఐరిష్ రాజులకు తెలిసిన న్యాయం ఈ దేశానికి తెలియదా అని కార్‌లో అరిచాను. పెద్దమ్మ సీట్‌బెల్ట్ సర్దుకుంటూ, "మెల్లగా పోనీ తల్లీ" అంది.

నేనే గుంటూరు వెళ్ళిపోతానన్నాను. "నీ పిల్లలో?" అంది. స్కూళ్ళున్నాయి కదా, కొన్నాళ్ళు మమ్మీ దగ్గర ఉంటారన్నాను. ఆవిడ ముఖం మాడిపోయింది. "వద్దు. పిల్లల్ని ఎవరి దగ్గరా వదలొద్దు" అని లేచి వెళ్ళిపోయింది. నన్ను మమ్మీ వాళ్ళ దగ్గరికి తిరిగి పంపేసిన రోజు ఆవిడకు ఎలా గడిచిందో నేనెప్పుడూ అడగలేదు. ఆ పూట కూడా అడగలేకపోయాను. ఇక తట్టడానికి తలుపు లేదని అర్థమైంది.

వీసా గడువు అయిపోయింది. మోకాళ్ళు వంగని మనిషిని, తాళం వేసి ఉన్న ఇంటికి ఒంటరిగా పంపడానికి డల్లస్ ఎయిర్‌పోర్ట్‌కి డ్రైవ్ చేశాను. అందరికీ తెలిసిన డల్లస్ ఊరు కాదు, వాషింగ్టన్ పక్కనున్న ఈ ఎయిర్‌పోర్ట్ పేరూ డల్లసే. వీల్‌చెయిర్ తోసే అతను మా ఇద్దరినీ చూసి, "యువర్ మామ్?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే పెద్దమ్మ చెయ్యి అడ్డంగా ఊపింది. "నో, నో. సిస్టర్స్ డాటర్."

వీసా ఇంటర్వ్యూకి ముందు ఫోన్‌లో ఆ ముక్క బట్టీ పట్టించింది నేనే. తప్పు మాట దొర్లితే నా మీదికేమైనా వస్తుందని ఆవిడ భయం.

వీల్‌చెయిర్ కదిలింది. పెద్దమ్మ మెడ తిప్పి నా వైపు చూసింది.

"కరెక్ట్‌గా చెప్పానా తల్లీ?"

కరెక్టే అమ్మా అన్నాను.