మామిడి చెక్క మీద మోటారు పడవ

కృష్ణా నదికి పాతిక మైళ్ల దూరంలో కాపురముంటూ మోటారు పడవ కొన్నవాడు నూజివీడు మొత్తానికి నేనొక్కణ్ణే. అదీ తొమ్మిది వేలు చెప్పినదాన్ని ఆరు వేలకు. కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి. చెప్పిన ధరకు కొనుక్కొస్తే మా నాన్న ఆ పూట నాతో మాట్లాడేవాడు కాదు.

ఎనభైల మధ్య సంగతి. నా భార్య తమ్ముడు లారీ మీద పని మానేసి, లంక ఊళ్లకు జనాన్ని దాటించే పడవ నడుపుతానన్నాడు. డబ్బు నాది, కష్టం అతనిది. బెజవాడలో షికారు పడవలు తిప్పే ఒకాయన దగ్గర పాత ఇంజనుతో సహా ఫైబర్ గ్లాసు పడవ అమ్మకానికి ఉందంటే ఇద్దరం వెళ్లాం.

మా వైపు మామిడి కాపు కొనేవాళ్లు చెట్టెక్కరు. తోట చుట్టూ తిరిగి, తలెత్తి చూసి, లోపల్లోపల లెక్కేసుకుని, తువ్వాలు కింద చెయ్యిపెట్టి వేళ్లతో ధర చెబుతారు. నేనూ పడవ చుట్టూ రెండుసార్లు తిరిగాను. తెల్లగా నిగనిగలాడుతోంది. ఎక్కి చూడాలని తోచలేదు. తువ్వాలు తీసి ఆయన చేతి మీద కప్పి, ముందు ఐదు వేళ్లూ, తర్వాత ఒక వేలూ పట్టుకున్నాను.

ఆయన చెయ్యి లాక్కున్నాడు. "ఏంటండీ ఇది? నోటితో చెప్పండి."

"ఆరు వేలు."

"తొమ్మిదికి తక్కువ లేదండీ. లోపల చెక్కలు పుచ్చాయి. అవి మార్పించి, ఇంజను బిగించి మరీ ఇస్తాను."

"చెక్కలు మేం చూసుకుంటాం లెండి. ఉన్నదున్నట్టు ఆరుకివ్వండి."

ఆయన వెంటనే సరేనన్నాడు. ఆ వెంటనే అనడం దగ్గరే నాకు అనుమానం రావాల్సింది. గెలిచానన్న సంతోషంలో రాలేదు.

మామిడికాయలు దించి ఖాళీగా వస్తున్న లారీలో పడవ ఊరు చేరింది. పక్క బట్టల కొట్టాయన గడప దిగి వచ్చాడు. "ఏం బావగారూ, కిలో బెల్లం కొంటే ఒక షికారు ఉచితమా?"

మా వీధి వడ్రంగి మేస్త్రీ మాత్రం నవ్వలేదు. పడవ ఎక్కి, ఇంజను తగిలించే వెనక పలకను వేలి కణుపులతో కొట్టుకుంటూ వెళ్లాడు. ఆ పలక రెండు ఫైబర్ పొరల మధ్య ఉంటుంది, కంటికి కనబడదు. ఒకచోట టక్కుమంది. మిగతా అంతా తడి గోనె మీద కొట్టినట్టుంది. చిన్న రంధ్రం వేస్తే చెక్కపొట్టుకు బదులు కాఫీ పిప్పిలాంటి ముద్ద బయటికొచ్చింది. అడుగున పొడవునా ఉన్న రెండు దూలాల్లోనూ స్క్రూడ్రైవరు పిడిదాకా దిగింది.

"ఇది పడవ కాదండీ, ఒట్టి పెంకు," అన్నాడు మేస్త్రీ.

నీళ్లకు తట్టుకునే ప్లైవుడ్ బెజవాడ నుంచి తేవాలి. ఖరీదు. మా ఊళ్లోనేమో కాపుడిగిన మామిడి చెట్లు కోసి కాయల పెట్టెలు చేసేవాళ్లకు కొదవలేదు.

"మామిడే వేద్దాం మేస్త్రీ. పైన ఎలాగూ నీళ్లు దిగకుండా రెజిన్ పూస్తాంగా."

"అది పెట్టెల చెక్కండీ."

"కాయల్ని మోసింది మనిషిని మొయ్యదా?" అన్నాను. నా మాటకు నేనే మురిసిపోయాను.

లోపలి పొర కోసి, కుళ్లు తవ్వి, వారం ఎండబెట్టాం. మొదటి డబ్బా రెజిన్‌లో గట్టిపడే మందు కలపగానే, ఆ మే నెల ఎండకు డబ్బాలోనే కాగి, పొగలు కక్కి రాయైపోయింది. రెండోది తెల్లవారుతూనే కలిపాం. కొత్త దూలాలు లేవకుండా మా కొట్లోని ఇరవై కిలోల తూకపు రాళ్లన్నీ వాటి మీద పెట్టాం.

బావమరిది వచ్చి చూసి పొంగిపోయాడు. "బావా, మొదటి రోజు అక్కా పిల్లలే ఎక్కాలి!"

అప్పుడడిగాను, "నీకు ఈతొచ్చా?"

"పడవుండగా ఈతెందుకు బావా?"

ఈత రానివాణ్ణి పెట్టెల చెక్క మీద నదిలోకి పంపుతున్నాను. మిగిలిన మామిడి ముక్కను కాటాలో తూస్తే సరిగ్గా కిలో ఉంది. దానికి రెజిన్ పూసి, ఇంజను బోల్టుకు వేసినట్టే రంధ్రం వేసి, రాయి కట్టి నీళ్ల తొట్టిలో ముంచాను. మేస్త్రీ అడక్కుండానే పక్కన కిలో టేకు ముక్క ముంచి వెళ్లాడు. రోజూ కొట్టు తెరవగానే మొదటి తూకం ఆ రెండింటిదే. మర్నాటికి మామిడి యాభై గ్రాములు పెరిగింది. మూడో నాటికి నూట ఇరవై. టేకు ఇంచుమించు అక్కడే ఉంది. ఆ కంగారులో ఒకావిడకు కిలో పంచదార బదులు కిలోంబావు కట్టిచ్చాను. మా వంశంలో అలాంటిది జరగలేదు.

పదో రోజు నా భార్య కాటా దగ్గరికొచ్చింది. "ఏంటండీ, రోజూ ఆ చెక్క తూస్తున్నారు? ఎవరికమ్ముతారు?"

"మీ తమ్ముడికి."

ఆవిడ ముక్కను గోటితో నొక్కింది. గోరు దిగింది. పులిసిన వాసన.

"పడవలో వేసింది ఇదేనా?"

నేను రాళ్లు సర్దుతున్నట్టు నటించాను.

"అయితే నేనెక్కను. పిల్లల్నీ ఎక్కనివ్వను. వాడికి మాత్రం మీరే చెప్పండి, ఎక్కమని."

ఆ సాయంత్రమే మేస్త్రీ ఇంటికెళ్లాను. "మొత్తం పీకెయ్యి. టేకు దూలాలు, ప్లైవుడ్ పలక. బోల్టు రంధ్రాల లోపల కూడా రెజిన్."

"మళ్లీ కూలి పడుద్దండీ."

"తెలుసు."

ఆయన నా మొహం పరీక్షగా చూశాడు. "బేరమాడరా?"

"ఆడను."

వానలు పడకముందే పడవ కృష్ణలో దిగింది. మొదటి దాటింపులో నేను ఇంజను పక్కనే, వెనక పలక మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాను. అవతలి ఒడ్డు తగిలేదాకా తియ్యలేదు. ఇంటికొచ్చి చిత్తు పుస్తకం తీశాను.

పడవకు ఆరు వేలు. లారీకి రానూపోనూ నూట యాభై. మామిడి చెక్కకు నలభై. ఊరికే వచ్చిందని ఇంట్లో చెప్పింది అబద్ధం. మొదటి రెజిన్, ఫైబర్ మ్యాట్, రాయైన డబ్బాతో కలిపి ఏడు వందలు. మేస్త్రీకి మూడు వందలు. పీకి మళ్లీ వేసినందుకు మూడు వందల యాభై. టేకు, ప్లైవుడ్ తొమ్మిది వందలు. రెండోసారి రెజిన్, మ్యాట్ ఏడు వందలు. ఎక్కువ తూచిన పావు కిలో పంచదార రాయలేదు. వెరసి తొమ్మిది వేల నూట నలభై. చెక్కలు మార్పించి, ఇంజను బిగించి ఇస్తానని బెజవాడ ఆయన చెప్పిన ధర తొమ్మిది వేలు.