మొదటి గుక్క

ఉమాపతి మహా మర్యాదస్తుడని జూబ్లీ హిల్స్‌లో పేరు. తన చిన్న బ్రూవరీలో తయారైన ఏల్ బీరు సీసా మూత తీశాక మొదటి గుక్క తనెప్పుడూ తాగడు. గ్లాసు వంచి, నురగ పొంగకుండా అంచు వెంబడి పోసి, "ముందు మీరు కానివ్వండి" అంటాడు. తర్వాత చేతులు కట్టుకుని ఎదుటివాళ్ల మొహమే చూస్తాడు. కరోనా వచ్చి తగ్గినప్పటి నుంచి అతనికి వాసనా రుచీ తెలియవు. ఆ సంగతి భార్య హేమలతకు తప్ప ఎవరికీ చెప్పలేదు. సరుకు బాగుందో పాడైందో తాగేవాళ్ల కనుబొమలను బట్టి, పెదవులను బట్టి పోల్చుకుంటాడు.

నిన్న సాయంత్రం కొత్త సరుకు రుచి చూడడానికి ఫిల్మ్ నగర్ నుంచి నలుగురు నటులొచ్చారు. ఆడదని తెలిసిన సినిమా ప్రివ్యూ చూసి కూడా నిర్మాత చెయ్యి పట్టుకుని ఊపే మనుషులు. ఒక్క మొహమూ ముడుచుకోలేదు.

"అదిరిందండీ. బ్లాక్‌బస్టరే," అన్నాడు తండ్రి పాత్రలు వేసే భానుమూర్తి.

ఉమాపతి తేలిగ్గా ఊపిరి వదిలి, ఫోన్‌లో సరుకు లారీని బయల్దేరమన్నాడు. అప్పుడే పకోడీల పళ్లెంతో వచ్చిన హేమలత, గ్లాసుల్లోంచి కుళ్లు కంపు తగిలి గడప దగ్గరే ఆగిపోయి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నవ్వుతున్న నలుగురినీ చూసి, మెల్లగా కొంగు దించి తనూ నవ్వింది.

అది ఉమాపతి చూశాడు. ఫోన్ ఇంకా చేతిలోనే ఉంది. లారీని ఆపాలంటే ఎందుకు ఆపుతున్నాడో వాళ్లందరి ముందూ చెప్పాలి.

ఫోన్ జేబులో పెట్టేసి, గ్లాసు నింపుకుని గటగటా తాగాడు. మంచినీళ్లలా దిగిపోయింది.

"అవునండీ," అన్నాడు మూతి తుడుచుకుంటూ, "ఈసారి బాగా కుదిరింది."