ధూపం వేసిన బండి

ఆ శనివారం పొద్దున హైమవతి ఒక పెద్దాయన చేతికి రెండుసార్లు సూది గుచ్చాల్సి వచ్చింది. పంజాగుట్టలోని ఒక ఆస్పత్రి ల్యాబులో ఏళ్ల తరబడి రక్తం తీస్తున్న మనిషి ఆవిడ. నరం దొరకని పేషెంటు వస్తే నర్సులు ఆవిడనే పిలుస్తారు. పక్కనున్న ఆయన కూతురు "కొత్తగా చేరారా?" అని అడిగింది. హైమవతి సారీ చెప్పి, దూది అద్ది, ట్యూబు మీద పేరు రాసింది. మనసు అక్కడ లేదు.

ఆ మధ్యాహ్నమే ఆవిడ, భర్త, కూతురు కారులో పడుకోవడానికి ఊరి బయటికి వెళ్తున్నారు.

కారులో పడుకోవడం అన్నది ఆవిడ మాట. భర్త ఫణీంద్ర దాన్ని క్యాంపింగ్ అంటాడు. అమీర్‌పేటలో మైత్రీవనం పక్క సందులో ఒక కోచింగ్ సెంటర్లో అతను సాఫ్ట్‌వేర్ కోర్సులు చెబుతాడు. ప్లైవుడ్ చెక్కలతో విడగొట్టిన గది, కిటికీ లేదు, ఏసీ చప్పుడు. తెల్లవారగానే మొదటి బ్యాచ్, చీకటి పడ్డాక ఆఖరి బ్యాచ్. మధ్యలో వాన కురిసి వెలిసినా తెలియదు. ఒకరోజు ఫోన్లో ఏదో వీడియో చూశాడు. ఒక కుటుంబం సొంత బండి వెనక పరుపు వేసుకుని, స్టవ్వూ నీళ్ల డబ్బా పెట్టుకుని, రోడ్డు ఆగిన చోట ఆగి వంట చేసుకుంటోంది. అదే మొదలు.

ఇలాంటివాళ్లు చాలామందే ఉన్నారని తర్వాత తెలిసింది. అమీర్‌పేట అపార్టుమెంట్ల సెల్లార్లలో ఇప్పుడు నెత్తిన మంచె మోస్తున్నట్టు టెంట్లు కట్టుకున్న బళ్లు కనిపిస్తాయి. వాటి యజమానుల్లో బ్యాంకు ఆఫీసర్లున్నారు, పళ్ల డాక్టర్లున్నారు, చీరల కొట్టువాళ్లున్నారు. శుక్రవారం దాకా ట్రాఫిక్‌ను తిట్టుకుంటారు, శనివారం అదే ట్రాఫిక్‌లో పడి బయటికి పోతారు.

"హోటల్లో దిగితే బోలెడు సుఖం కదండీ" అంది హైమవతి ఒకసారి.

"హోటలంటే మళ్లీ గదే కదా హైమా! గదిలోంచి లేచి ఇంకో గదిలో పడుకోడానికి ప్రయాణమెందుకు?"

ఫణీంద్ర పాత బొలేరో కొన్నాడు. బల్కంపేట రోడ్డులో సీటు కవర్ల దుకాణం నడిపే దినేశ్ దాని వెనక సీట్లు తీసేసి చెక్క మంచం బిగించాడు. కిటికీలకు దోమల జాలీ కుట్టించి ఇచ్చాడు. ఇలా కలిసి బళ్లలో తిరిగే వాళ్ల గుంపులో అందరి బళ్లూ అతని చేతి మీదుగా వెళ్లినవే.

"మేడం, జర ఫికర్ చేయకుండ్రి. మన అమీర్‌పేట్‌ల ఆకాశం ఏడున్నది? అన్నీ ఫ్లెక్సీలే. ఒక్కపారి చుక్కలు చూసొస్తే మీరే మల్ల మల్ల అడుగుతరు" అన్నాడు.

"పాములొస్తే?"

"గంత చిన్న జాలీల కెళ్లి దోమనే దూరది, పాము ఎట్ల దూర్తది మేడం?"

హైమవతికి నవ్వు రాలేదు. నాలుగో అంతస్తులో కాపురముంటూ బాల్కనీకి గ్రిల్ పెట్టించిన మనిషి ఆవిడ. గడియ పెట్టాక ఒకసారి లాగి చూడందే నిద్ర పట్టదు. ఊరి బయట గ్రిల్ లేదు, గడియ లేదు, వాచ్‌మన్ లేడు. తాగుబోతులు రావచ్చు, తేళ్లు రావచ్చు. తొమ్మిదేళ్ల కూతురు భానుశ్రీ ఏ పొదలో చెయ్యి పెడుతుందో తెలియదు. కూకట్‌పల్లిలో కొడుకు దగ్గరుండే తల్లి జానకీదేవికి ఫోన్ చేసింది.

"మీ ఆయనకి చెబితే వినడు గానీ, బండి నిండా సాంబ్రాణి ధూపం వెయ్యవే" అంది తల్లి. "తలుపులేసి కాసేపు పొగ పట్టనీ. పురుగూ పుట్రా, గాలీ ధూళీ ఏదీ దగ్గరికి రాదు. ఆ నిప్పుల మీద మాత్రం నీళ్లు పొయ్యకు. ధూపం నిప్పు దానంతటది ఆరాలి. మన ఇంట్లో ఎప్పుడూ అంతే."

హైమవతి బట్టల సంచిలో మట్టి ధూపపు మూకుడు, సాంబ్రాణి పొట్లం సర్దుకుంది.

పంజాగుట్ట సిగ్నల్ దాటడానికే చాలాసేపు పట్టింది. వికారాబాద్ దాటాక దినేశ్‌కు తెలిసిన ఒక రైతు బీడు ఉంది, పక్కనే చెరువు. ఆ వారం వచ్చినవి రెండే బళ్లు, దినేశ్‌దీ వీళ్లదీ. దినేశ్ బండి పక్కనే టార్పాలిన్ కట్టి, సిగడీలో బొగ్గులు రాజేసి మొక్కజొన్న పొత్తులు కాల్చాడు. భానుశ్రీ గట్టు మీద పరిగెత్తింది. ఫణీంద్ర చెప్పుల్లేకుండా గడ్డిలో నిలబడి మబ్బుల్ని చూశాడు. అతని ముఖం అంత తేలికగా ఉండగా హైమవతి చూసి చాలా కాలమైంది. అది కూడా ఆవిడకు ధైర్యం ఇవ్వలేదు. చెరువు వైపు పొదలు ఉండుండి కదులుతున్నాయి.

పొద్దు వాలుతుండగా సిగడీలోంచి పట్టకారుతో ఎర్రటి బొగ్గులు ఏరి మూకుడు నింపుకుంది.

"ఊదు ఏస్తున్నవా అక్కా?" అంది దినేశ్ భార్య వనిత. "మా అత్త సుత అమాస అమాసకు దుకాణంల ఏస్తది. గిరాకీ మంచిగొస్తదంట. ఒచ్చినోళ్లు దగ్గుకుంట పోతరు."

హైమవతి బొలేరోలో మూకుడు పెట్టి, సాంబ్రాణి చల్లి, అద్దాలన్నీ ఎక్కించి, తలుపులు వేసింది. లోపల పొగ తెల్లగా నిండింది. కాసేపాగి తలుపులు తీస్తే పొగంతా బయటికి పోయింది. బొగ్గుల మీద తెల్లటి బూడిద పేరుకుంది. చల్లారిపోయాయి అనుకుంది. నీళ్లు పోయకూడదు కాబట్టి పోయలేదు. ఎవరైనా తొక్కుతారేమోనని మూకుణ్ని డ్రైవరు సీటు కిందికి తోసింది.

అంతలో వాన అందుకుంది. ఉరుముకు భానుశ్రీ బెదిరింది. ఆడి ఆడి అలసిపోయి కూడా ఉంది.

"అమ్మా, నిద్రొస్తోంది. అన్నానికి లేపుతావా?"

హైమవతి కూతుర్ని మంచం మీద పడుకోబెట్టి దుప్పటి కప్పింది. దినేశ్ కుట్టించిన జాలీ మీద ఆవిడకు నమ్మకం లేదు. అద్దాలు పూర్తిగా ఎక్కించి, వెనక తలుపు సందులో తువ్వాలు కుక్కి, తాళం వేసి, పిడి ఒకసారి లాగి చూసింది. టార్పాలిన్ కిందికి వచ్చి పొదల వైపు టార్చి పట్టుకుని కూర్చుంది. పిల్ల బండిలో ఉంది, ఇంక ఏదీ దాని దగ్గరికి రాలేదు. పొద్దుటి నుంచీ అప్పుడే కాస్త ఊపిరి ఆడింది ఆవిడకు.

వంట అయ్యాక లేపబోతే భానుశ్రీ లేవలేదు.

భుజం పట్టి కుదిపితే కళ్లు సగం తెరిచింది. "తల నొప్పి" అంది. కూర్చోబెడితే వాంతి చేసుకుంది. దింపితే కాళ్లు నిలవలేదు, గుడ్డబొమ్మలా వాలిపోయింది.

"ఏవండీ! పాము!" హైమవతి కేక పెట్టింది. టార్చి వెలుగులో పిల్ల పాదాలు, మడమలు, వేళ్ల సందులు వెతికింది. గాటు ఎక్కడా లేదు. దుప్పటి దులిపింది. ఏమీ పడలేదు. పాము కనబడి ఉంటే కొంత నయమనిపించింది ఆ క్షణాన.

"సార్, గిప్పుడు ఆలోచన్లు ఒద్దు, దవాఖానకు నడువుండ్రి. మీ ముంగట నేను పోత, నా లైటెంబడి రాండ్రి" అన్నాడు దినేశ్.

ఫణీంద్ర బండి తీశాడు. హైమవతి వెనక మంచం మీద పిల్లను ఒళ్లో వేసుకుంది. వాన ఏటవాలుగా కొడుతోంది, అద్దాలు బిగించే ఉన్నాయి. "పడుకోకమ్మా, నాతో మాట్లాడు, నీ క్లాస్ టీచర్ పేరేంటి?" అని అడుగుతూనే ఉంది. పిల్ల పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. కాసేపటికి హైమవతి కణతల్లో సుత్తితో కొట్టినట్టు మొదలైంది. కంగారు వల్లేమో అనుకుంది.

"హైమా, నాకు రోడ్డు సరిగ్గా ఆనట్లేదు" అన్నాడు ఫణీంద్ర.

మట్టి బాట మీద ఒక గుంతలో బండి దభీమని పడింది. ఫణీంద్ర గట్టిగా బ్రేకు తొక్కాడు. సీటు కిందినుంచి మూకుడు జారి అతని మడమకు తగిలింది. "అబ్బా!" అని కాలు లాక్కున్నాడు. బూడిద పొర పగిలింది. లోపల బొగ్గులు కణకణ ఎర్రగా ఉన్నాయి.

హైమవతికి అప్పుడు అర్థమైంది. పామూ లేదు, తేలూ లేదు. చేసింది తన చెయ్యే.

"తలుపులు తియ్యండి! అన్నీ తియ్యండి!"

పిల్లను ఎత్తుకుని వానలోకి దూకింది. మూకుణ్ని ఫణీంద్ర కాలితో బయటికి తన్నాడు. అది బురదలో పడి బుస్సుమంది. ముందు వెళ్తున్న దినేశ్ వెనక్కి వచ్చి పిల్లనూ వాళ్లిద్దర్నీ తన బండిలోకి మార్చి, అద్దాలన్నీ దించి, వాన లోపల కొడుతుండగానే వికారాబాద్ చేర్చాడు.

చిన్న ఆస్పత్రి. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ ధూపం సంగతి విని, పిల్ల వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు పెట్టింది. తొంభై ఎనిమిది చూపించింది.

"హమ్మయ్య" అన్నాడు ఫణీంద్ర.

"ఆ అంకె చూసి సంతోషపడకండి" అంది డాక్టరమ్మ పిల్లకు ఆక్సిజన్ మాస్కు బిగిస్తూ. "బొగ్గుల గ్యాసు, అదే కార్బన్ మోనాక్సైడ్, రక్తంలో చేరితే ఈ మెషిన్‌కు అదీ ఆక్సిజన్‌లాగే కనబడుతుంది. రక్తపరీక్షలోనే తేలాలి. అది మా దగ్గర లేదు. ముగ్గురికీ ఆక్సిజన్ పెట్టి అంబులెన్సులో హైదరాబాద్ పంపిస్తా. ఎంతసేపు పీల్చింది?"

"వాన అందుకోగానే పడుకోబెట్టాను. వంటయ్యేదాకా, ఆపైన దారిలోనూ" అంది హైమవతి.

పంజాగుట్టలో ఆవిడ పనిచేసే ఆస్పత్రికే తీసుకొచ్చారు. ల్యాబులో ఆవిడతో పనిచేసే దుర్గేష్ రక్తం తీశాడు. దారి పొడుగునా ఆక్సిజన్ పెట్టినా రక్తంలో ఆ గ్యాసు ఇంకా పద్ధెనిమిది శాతం ఉంది. అది రెండు దాటకూడదు. ఆదివారం తెల్లవారుజాముకు నాలుగుకు దిగింది. పొద్దున్నకు ఒకటిన్నర. భానుశ్రీ లేచి కూర్చుని ఇడ్లీ అడిగింది.

"గుంపుల అందరికీ ఫోన్లు చేసి చెప్పిన మేడం, బండ్ల నిప్పు కనబడితే నేను ఆ బండికి స్క్రూ సుత బిగియ్య అని" అన్నాడు చూడ్డానికి వచ్చిన దినేశ్. ఫణీంద్ర బొలేరో అమ్మేస్తానన్నాడు. దినేశ్ తెచ్చిపెట్టిన ఆ బండి సెల్లార్లో నాలుగు తలుపులూ తెరిచే ఉంది. జానకీదేవి ఫోన్ చేసి, దిష్టి తగిలింది, ఇంట్లో ధూపం వెయ్యమంది. హైమవతి ఫోన్ పెట్టేసింది.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఇంకో మాట చెప్పాడు. ఈ గ్యాసు పీల్చినవాళ్లలో కొందరికి మొదట బాగానే ఉండి, వారాల తర్వాత మతిమరుపు, నడకలో తడబాటు బయటపడతాయి. పిల్లల్లో అరుదే. అయినా ఒక కన్నేసి ఉంచి, మూడు వారాలకు చూపించమన్నాడు.

అప్పట్నుంచి హైమవతి రోజూ పొద్దున జడ వేస్తూ కూతురితో పదమూడో ఎక్కం చెప్పిస్తోంది. హాల్లో ఈ చివర్నించి ఆ చివరికి టైల్సు గీత మీద నడిపిస్తోంది. నిన్న పదమూడు ఏడుల దగ్గర భానుశ్రీ ఆగిపోయింది. హైమవతి దువ్వెన పక్కన పెట్టి కూతురి ముఖం తన వైపు తిప్పుకుంది.

"చెప్పమ్మా. పదమూడు ఏడులు?"

"అది నాకు ముందునుంచీ రాదమ్మా! టీచర్ని అడుగు కావాలంటే" అని విసుక్కుంది పిల్ల.

హైమవతి స్కూలుకు ఫోన్ చేసి టీచర్ని అడిగింది. నిజమేనంది టీచరు.

డాక్టరు చెప్పిన మూడు వారాలకు ఇంకా పదకొండు రోజులున్నాయి.