ఘాటు రాని మిరపకాయలు

నిన్న సాయంత్రం బ్రాడీపేటలో మా కింది వాటాలోకి కొత్తగా వచ్చిన అమ్మాయి చంటిపిల్లకి దిష్టి తీసి ఎండుమిరపకాయలు నిప్పుల మీద వేసినట్టుంది, ఆ ఘాటు మెట్లెక్కి వచ్చి మా వంటింట్లో దూరితే, ఇంటిల్లిపాదీ దగ్గుతూ కిటికీలు తెరుస్తుంటే, నా చెయ్యి మాత్రం దానంతటది పొట్ట కుడిపక్కకి పోయింది. నాకక్కడ ఏనాడూ నొప్పి రాలేదు. ఆ పోటు మా అమ్మది. భయం ఒక్కటే నాది, అది ఇన్నేళ్ళయినా పోలేదు.

పోటు అన్న మాట మా నాయనమ్మకి ఊతపదం లాంటిది. ఎండలో తిరిగొస్తే తలపోటు, చెరుకుగడ కొరికితే పంటిపోటు, గోరుచుట్టు లేచి వేలు సలుపుతుంటే అదీ పోటే, దొడ్లో కొమ్ములు విసిరే మా గిత్త సరేసరి, పోట్లగిత్త. ఊళ్ళోవాళ్ళు ఆవిడ మాటల్ని కూడా సూటిపోటి మాటలనేవారు, ఆవిడ వినకుండా. అవన్నీ పడింది మా అమ్మే. కూరలో ఉప్పు తగ్గితే మీ పుట్టింట్లో ఉప్పు ప్రియమా అని, ఒక్క నిమిషం నడుం వాలిస్తే ఏం పొడుచుకొచ్చిందో మహారాణికి అని. అమ్మ కొంగు నడుముకి చుట్టుకుని లేచేది.

శివరాత్రి వెళ్ళి ఎండలు ముదిరాయంటే ఊరు ఊరంతా మిరప కల్లాల్లోనే ఉండేది. నల్లరేగడి నేల చదును చేసి, పేడతో అలికి, దాని మీద కాయలు పరిస్తే కళ్ళు చెదిరే ఎరుపు, పక్కన తాటాకు పందిరి, పందిరి కింద రంగు పోయి తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతూ ఆడవాళ్ళు, మధ్యాహ్నం గోంగూర పచ్చడి కలిపిన అన్నం ముద్దలు, చల్లకుండ, నంజుకోడానికి ఉల్లిపాయ. మొదట్లో అందరం తుమ్మి, దగ్గి, కళ్ళు నులుముకుని ఏడ్చేవాళ్ళం. తర్వాత ముక్కులు మొద్దుబారిపోయేవి. ఘాటు ఎక్కడికీ పోదు, మాకు తెలియడం మానేసేది, అంతే. ఆ రోజుల్లో మాకు మామిడికాయ పచ్చడి వాసన కూడా తెలిసేది కాదు.

ఆ ఏడు నేను మూడో తరగతి. అమ్మ తాలు ఏరుతూ ఏరుతూ కుడిపక్క నొక్కుకోవడం చూసి ఏంటమ్మా అన్నాను. "పోటుగా ఉందే. నాయనమ్మతో అనబాక" అంది. కాసేపటికే వాంతి చేసుకుని కాయల మీదికి ఒరిగిపోయింది. నాన్న ఎత్తుకుని ఇంటికి తెచ్చి నులకమంచం మీద పడుకోబెట్టాడు. మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని, పెదవి పళ్ళకింద నొక్కుకుని ఉంది. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. అమ్మ చచ్చిపోతుందేమోనని అప్పుడే మొదటిసారి అనిపించింది.

నాయనమ్మకీ భయం వేసింది. భయం వేస్తే ఆవిడ నోరు మూతపడి చేతులు ఆడేవి. ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట్లో పట్టుకుని అమ్మ చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు వస్తే ఒంట్లో జబ్బున్నట్టు, రాకపోతే దిష్టి తగిలినట్టు, అదీ ఆవిడ లెక్క. కాయలు మాడి నల్లబడ్డాయి, ఇల్లంతా పొగ, ఒక్కరికీ దగ్గు రాలేదు. "దిష్టేరా, తగ్గిపోద్దిలే" అంది నాయనమ్మ. బండి కట్టబోతున్న నాన్న ఆగిపోయాడు. తగ్గలేదు. ఇంకోసారి, ఇంకా ఎక్కువ కాయలు తిప్పి వేసింది. మళ్ళీ అంతే. ఈలోపు అమ్మ మూలగడం కూడా మానేసింది, నాకు అదే అన్నిటికంటే భయం. లోపలికీ వాకిట్లోకీ తిరుగుతూ, పేరు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను.

కల్లాల రోజుల్లో ఏటా గాజులమ్మడానికి వచ్చే మస్తాను సాయిబు మిరప పండని సముద్రం వైపు ఊళ్ళన్నీ తిరిగి సరిగ్గా అప్పుడే మా గుమ్మం ముందు భుజం మీది గాజుల మలారం దించాడు. దించాడో లేదో దగ్గు అందుకున్నాడు, ఆగదే.

"ఏంది పెద్దమ్మా ఈ ఘాటు, ఊపిరాడట్లా. లోపల ఎట్టా ఉన్నారు మీరంతా?"

"నీకు ఘాటొస్తందా సాయిబూ?" అంది నాయనమ్మ.

అతను దగ్గుతూనే తల ఊపి, భుజం మీది తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. నాయనమ్మ పొయ్యి వంక చూసింది, మా మొహాల వంక చూసింది, తన ముక్కు ఒకసారి తడుముకుంది.

"బండి కట్టరా. గుంటూరు పోదాం."

బండిలో గడ్డి పరిచి, బొంత వేసి, అమ్మ తల తన ఒళ్ళో పెట్టుకుంది నాయనమ్మ. ఎద్దుల మీద ఎన్నడూ చెయ్యెత్తని నాన్న ఆ రోజు ముల్లుకర్రతో పొడుస్తూనే ఉన్నాడు. చక్రం గతుకులో పడ్డప్పుడల్లా అమ్మ అబ్బా అంటే నాయనమ్మా అబ్బా అనేది.

"నా నోరు పడిపోను, ఇంత బాధ పెట్టుకుని నాకొక్క ముక్క చెప్పకపోయావే."

అమ్మ కళ్ళు తెరవలేదు. "చెప్తే ఏమంటారోనని అత్తయ్యా" అంది.

ఆసుపత్రిలో పొద్దుగూకక ముందే ఆపరేషన్ చేశారు. లోపల అపెండిక్స్‌కి చీము పట్టి పగలబోతోందట. అమ్మ బతికింది. నాయనమ్మ నోరు బాగుపడిందనుకోకండి, నాలుగు రోజులు ఊరుకుని మళ్ళీ మొదలుపెట్టింది, కానీ అమ్మ చెయ్యి కుడిపక్కకి పోతే చాలు, అంటున్న మాట సగంలో మింగేసేది.

నేను కాలేజీలో చేరిన ఏడు, ముసురు రోజుల్లో నాయనమ్మకి గుండెల్లో పోటొచ్చింది. నాన్న డాక్టరు కోసం పరుగెత్తాడు. ఈలోపు మిరపకాయలు తిప్పి వెయ్యమంది నాయనమ్మ. అమ్మే వేసింది. కల్లాలు ఎత్తేసి ఎన్నాళ్ళో అయింది, మా ముక్కులు శుభ్రంగా ఉన్నాయి, నాకు దగ్గు తన్నుకొచ్చింది. నాయనమ్మ కళ్ళు మూసుకుని వింది.

"అయితే జబ్బే" అంది, అమ్మ చెయ్యి వెతుక్కుంటూ.

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కళ్ళు ధారలు కారుతున్నాయి, మెడ నరాలు ఉబ్బాయి. కొంగు తీసి, "దాని గొంతు బాలేదులే అత్తయ్యా. నాకేం ఘాటు రాట్లా. దిష్టే" అంది. డాక్టరు వచ్చేసరికి నాయనమ్మ ఆ చెయ్యి పట్టుకునే పోయింది.

మా కల్లం ఉన్నచోట ఇప్పుడు ఇళ్ళు లేచాయి, గాజుల మలారం ఎలా ఉంటుందో మా పిల్లలకి తెలియదు, అమ్మా లేదు. నిన్న కిందింటి అమ్మాయి పిల్లని భుజాన వేసుకుని పైకొచ్చింది, పొగ పెట్టినందుకు ఏమనుకోవద్దని. పిల్ల పొద్దుట్నుంచి గుక్కపట్టి ఏడుస్తోందట. ఘాటు మీదాకా వచ్చిందాండీ అని అడిగింది.

"వచ్చిందమ్మా, బాగా వచ్చింది" అన్నాను, చెప్పులేసుకుంటూ. "పద, డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను."