పెళ్లి సీడీలో నా గొంతు

రెండు వేల సంవత్సరం దాటాక మా వైపు పెళ్లి వీడియోలు కంప్యూటర్‌లోకి ఎక్కాయి. అంతకుముందు భుజం మీద పెద్ద కెమెరా మోసుకుని తిరిగినవాళ్లంతా అరచేతిలో పట్టే డిజిటల్ కెమెరాలు కొన్నారు. భుజాన బరువు లేకపోయేసరికి పెళ్లివారు మర్యాద చేయడం మానేశారని వాళ్ల ఏడుపు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వీడియోవాళ్లు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. నెలకోసారి మదనపల్లెలో ఒక టీ హోటల్ మిద్దె మీద కూర్చునేవాళ్లు. కొత్త సాఫ్ట్‌వేర్ల గురించి మాట్లాడుకోవడానికని పేరు, జరిగేది మాత్రం పెళ్లివారిని తిట్టుకోవడం. కంప్యూటర్ కోర్సు చదివి ఆ ఊళ్లోనే పెళ్లి టేపులు కత్తిరించి హంగులు అతికే ఒక మిక్సింగ్ స్టూడియోలో చేరిన నేను ఆ సంఘంలో ఒక్కతే ఆడదాన్ని. “ఈ పాప ఏం జేస్తాది?” అని ఎవరైనా అడిగితే మా ఓనర్ “నేర్చుకుంటాండాది” అనేవాడు. మొదట్లో ఆ మాట ముద్దుగానే ఉండేది. ఏడాది గడిచినా అదే మాట వినబడుతుంటే ఒళ్లు మండేది.

పుంగనూరులో మా నాన్నకు కిరాణా అంగడి ఉంది. ఆయనకు ఓపిక తక్కువ. “ఉగాది దాకా సూస్తా. నువ్వు లేకపోయినా జరిగే పనికి రోజూ బస్సెక్కి పోవడం యాల? వచ్చి అంగట్లో కూసో” అన్నాడు. అంగడంటే నాకు చిన్నచూపు లేదు. కానీ నాన్న దగ్గర బేరం ఆయనే చేయాలి, లెక్క ఆయనే చెప్పాలి, పక్కవాళ్లు నోరు మెదపకూడదు. నావల్ల అయ్యే పని కాదది.

అలాగని స్టూడియోలో నావల్ల ఏమైందంటే చెప్పుకోవడానికి సిగ్గు. మిక్సింగ్ ఇస్తే ఒక పెళ్లికూతురి మేనమామ ముఖాన్ని గులాబీపువ్వులో పెట్టి గిరగిరా తిప్పాను. మీసాలు చూస్తేనే భయం వేసే మనిషి. సీడీ చూసి వచ్చి, “నన్ను యాల తిప్పినావమ్మా?” అని నిదానంగా అడిగాడు. తిట్టి ఉన్నా బాగుండేది. లైటు పట్టుకోమంటే, కెమెరా పెళ్లికొడుకు మీద ఉండేది, నా లైటు మాత్రం పందిట్లో ఎక్కడ గొడవ జరిగితే అటు తిరిగేది.

ఇక మిగిలింది కెమెరా. అదీ నా చేతికి వచ్చింది. ఆ రోజు మంచి ముహూర్తం, మూడు ఊళ్లలోనూ పెళ్లిళ్లే, స్టూడియోలో ఇంకెవరూ లేరు. పుంగనూరు పెళ్లికి నన్ను పంపుతూ మా ఓనర్ దండం పెట్టినంత పని చేశాడు. “ఏమైనా పోనీ, తాళి మాత్రం పోగొట్టొద్దు పాపా” అన్నాడు.

తాళి దాకా అన్నీ బాగానే తీశాను. గట్టిమేళం మొదలవుతుండగా పక్కనున్న పెళ్లికూతురి అవ్వ నా ఎడమ చేతిలో అక్షింతలు పోసి, “ఏసుకోమ్మా” అంది. ఎడమ చేత్తో అక్షింతలు వేస్తారా ఎవరైనా? కెమెరాను ఎడమ చేతికి మార్చి, కుడి చేతిలోకి అక్షింతలు తీసుకుని, మనస్ఫూర్తిగా వేశాను. మళ్లీ కెమెరా పెళ్లిపీటల వైపు తిప్పేసరికి తాళి కట్టడం అయిపోయింది.

స్టూడియోలో టేపు వేసి చూస్తే షామియానా గుడ్డ, దానికింద తిరిగే ఫ్యాను, ఎగిరిపడే బియ్యం గింజలు. మా ఓనర్ తల పట్టుకున్నాడు. నాకు ఉగాది ముందే వచ్చేసిందనిపించింది.

ఫోటోగ్రాఫర్ దగ్గర తాళి ఫోటోలు తెచ్చి అక్కడ అతికిద్దామని ఓనర్ ఆలోచన. ఆ పని కాకముందే పెళ్లికూతురి నాన్న, ఆ అవ్వ స్టూడియోకు వచ్చి కూర్చున్నారు. “ఉండేది ఉన్నట్టు ఏయప్పా” అంది అవ్వ. టేపు వేయక తప్పలేదు.

అప్పుడు ఇంకో సంగతి బయటపడింది. ఆ కెమెరా మైకు నా నోటికి దగ్గరగా ఉంది. పెళ్లి పొడుగునా నాలో నేను గొణుక్కున్నదంతా మేళంతో పాటు రికార్డయింది. “సూడు సూడు, పెళ్లికొడుకు సిన్నాయన మొదటి బంతిలో తిని, రెండో బంతిలో గూడా కూసోనుండాడు.” “అయ్యవారు మంత్రం మధ్యలో కాఫీ అడుగుతాండాడే!” “ఈ ఎర్ర సీరామె ఎవురబ్బా, ప్రతి ఫోటోలోకి దూరుతాండాది.” నా గొంతు నేనే వింటూ భూమిలోకి కుంగిపోయాను. అవ్వ మాత్రం కడుపు పట్టుకుని నవ్వుతోంది. ఎర్ర చీరామె ఆమె సొంత కూతురట.

తాళి వచ్చింది. తెర మీద షామియానా. మేళం హోరులోంచి నా గొంతు, “సల్లగా ఉండండమ్మా, సల్లగా ఉండండి” అని. వణుకుతోంది కూడా. ఆ పిల్ల ఎవరో నాకు తెలియదు, అయినా ఏడ్చానన్నమాట. పెళ్లికూతురి నాన్న కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు.

“తాళి ఫోటోలో ఉండాదిలే. ఈ మాటలు తీసేయొద్దప్పా” అంది అవ్వ. తర్వాత ఓనర్ వైపు తిరిగి, “పాపను ఏమీ అనద్దు. తాళి కట్టేటప్పుడు ఆడపిల్ల ఊరికే నిలబడుకోనుంటే ఎట్ల? నేనే ఇచ్చినా అక్షింతలు” అని గద్దించింది.

ఆ సీడీ బంధువుల ఇళ్లన్నీ తిరిగింది. తర్వాత వేరే పెళ్లివారు వచ్చి, “మాట్లాడే పాప ఉండాదంట కదా” అని అడగడం మొదలుపెట్టారు. మా ఓనర్ నా చేతిలోంచి కెమెరా లాక్కుని మైకు పెట్టాడు. పెళ్లి టేపు చూస్తూ, ఎవరు ఎవరికి ఏమవుతారో ఇంటివాళ్లను ముందుగా అడిగి తెలుసుకుని, నేను కబుర్లు చెప్పాలి. సంఘంలో మిగతావాళ్లు కూడా టేపులు తేసాగారు. మూడు రాష్ట్రాలు కలిసే చోటు కదా, కుప్పం టేపులైతే మరీ సరదా. అత్త తమిళంలో అలిగితే మామ కన్నడంలో బతిమాలేవాడు.

ఒక్క కుప్పం పెద్దాయన మాత్రం టేపు తేలేదు. సంఘంలో అందరికంటే పాత కెమెరామన్ ఆయన. “పెండ్లికి కామెంట్రీ ఏందప్పా, క్రికెట్టా?” అని మీటింగులో అందరి ముందూ అన్నాడు. నాకు చాలా కోపం వచ్చింది. ఆయన మాటలో కొంచెం న్యాయం ఉందేమోనన్న భయం అంతకన్నా ఎక్కువ వేసింది.

ఉగాది దగ్గర పడుతుండగా జలుబు చేసి నా గొంతు పూర్తిగా పోయింది. టేపులు గుట్ట పడ్డాయి. సంఘం వాళ్లు ఒక్కొక్కరే స్టూడియోకు రావడం, నా నోరు తెరిపించి లోపలికి చూడడం. ఒకాయన మిరియాల పాలు తెచ్చాడు, ఇంకొకాయన ఉప్పునీళ్లు పుక్కిలించమని నా పక్కనే నిలబడి తానూ పుక్కిలించి చూపించాడు. నన్ను ఇంటికి పిలుచుకుపోదామని వచ్చిన మా నాన్న ఒక మూల కుర్చీలో కూర్చుని ఈ తిరునాళ్లంతా చూస్తున్నాడు.

అప్పుడు కుప్పం పెద్దాయన వచ్చాడు. ఒక చేతిలో శొంఠి కషాయం ఫ్లాస్కు, ఇంకో చేతిలో టేపు.

“మా మనవరాలి పెండ్లి. మొన్ననే అయింది” అన్నాడు, నన్ను కాదు, గోడను చూస్తూ. “తొందరేం లేదు. గొంతు వచ్చినాకనే సెయ్యి. ఇంకెవురి సేతా మాట్లాడించను.”

ఆయనకు ఏదో ఒకటి చెప్పాలని ఎంత ఉందో నాకు! నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. అందరి ముందూ ఏడ్చేశాను.

మా నాన్న లేచాడు. పెద్దాయన చేతిలోంచి ఫ్లాస్కు తీసుకుని, మూతలోకి కషాయం వంచి, ఊది నా ముందు పెట్టాడు.

“తాగు పాపా” అన్నాడు. “వీళ్ల పనులన్నీ నిలిచిపోయినాయంట.”